మలుపు దగ్గర మొహాలు

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఆ మాట అన్నవాడికి మా బావలాంటి బావ ఉండి ఉండడు.

ఇరవై ఒక్క ఏళ్ళుగా నేను ఊరు చూపించే బస్సు తోలుతున్నాను. మా అక్క మొగుడు అదే బస్సులో గైడు. అంటే ఇరవై ఒక్క ఏళ్ళుగా, వారానికి ఆరు రోజులు, నా చెవికి జానెడు దూరంలో అవే మాటలు అదే గొంతుతో చెబుతూ వచ్చాడు. నౌకాదళ సేనాపతి పుట్టిన తేదీ నాకు మా ఆవిడ పుట్టినరోజు కంటే బాగా గుర్తు. ఈ సంగతి మా ఆవిడకి తెలియకుండా ఉండాల్సింది. బావే చెప్పాడు.

మా బస్సు పొద్దున తొమ్మిదికి రేవు దగ్గర బయలుదేరుతుంది. గవర్నరు బంగళా, సేనాపతి విగ్రహం, లైట్‌హౌసు, అక్కణ్ణుంచి కొండ రోడ్డు, కొండ దిగితే ఇసుక తీరం, మళ్ళీ రేవు. కొండ దిగేటప్పుడు ఒక మలుపు ఉంది. అప్పటిదాకా రెండు పక్కలా రాతిగోడలే. మలుపు తిరగ్గానే సముద్రమంతా ఒక్కసారిగా ముందు అద్దం నిండా వచ్చి పడుతుంది. బస్సులో ఉన్న నలభై మందీ ఒకే గొంతుతో "అబ్బా!" అంటారు. కిటికీ సీటు కోసం పొద్దుటినుంచీ కొట్టుకుంటున్న మొగుడూ పెళ్ళాలు కూడా అంటారు.

బావ మాత్రం ఎప్పుడూ అనలేదు, ఎందుకంటే గైడు కూర్చునేది జనం వైపు తిరిగి. నా సీటు వెనక ఒక మడతపీట ఉంది. దాని మీద వెనక్కి తిరిగి కూర్చుని, మైకు పట్టుకుని, జనం మొహాల్లోకి చూస్తూ చెబుతాడు. ఆ మలుపు దగ్గర అతనికి కనిపించేది నలభై మొహాలు విచ్చుకోవడమే. అవి విచ్చుకోవడానికి కారణం అతని వీపు వెనక ఉంటుంది. తీరంలో బస్సు ఆగినప్పుడైనా చూస్తాడా అంటే, సముద్రానికి వీపు పెట్టి తలలు లెక్కపెడుతూ "లోపలికి వెళ్ళకండి, మీకే చెప్పేది!" అని అరుస్తూ ఉంటాడు. సెలవురోజు ఇంట్లో పడుకుంటాడు. మిఠాయి కొట్టువాడు ఇంటికెళ్ళి మళ్ళీ మిఠాయి తింటాడా?

ఇలా వెనక్కి కూర్చోవడం వల్ల బావకి ఒక తెగులు పట్టుకుంది. తన కుడి జనానికి ఎడమ కదా. కుడి చెయ్యి చాపి "ఎడమవైపు చూడండి" అనడం అతనికి ఊపిరి తీసినంత అలవాటు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. "కుడివైపు అరలో సబ్బు తీసుకురా" అని అక్క అంటే ఎడమవైపు అరలోంచి చీపురు తెస్తాడు. రెండుసార్లు తిట్టి, మూడోసారి అక్కే లేచి వెళ్తుంది. ఎడ్డెమంటే తెడ్డెం మనిషని నేను పదిమందిలో ఆటపట్టించేవాణ్ణి. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఇంకొక విద్య కూడా అతని దగ్గర ఉండేది. ఎవరికి వాంతి రాబోతోందో మూడు మలుపుల ముందే మొహం చూసి చెప్పేవాడు. జేబులో ఎప్పుడూ ఐదారు ప్లాస్టిక్ కవర్లు. సేనాపతి వీరగాథ చెబుతూ చెబుతూనే, మాట ఆపకుండా, మనిషి చేతిలో కవరు పెట్టేసేవాడు. ఇన్నేళ్ళలో మా బస్సులో నేల తుడవాల్సి వచ్చింది రెండుసార్లో మూడుసార్లో.

ఇక బస్సుల సంగతి. బస్సులు పెద్దమ్మగారివి, పెత్తనం ఆవిడ అల్లుడిది. షెడ్డులో అందరం అతన్ని అల్లుడుగారనే పిలుస్తాం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అని ఊరికే అనలేదు. ఆయన ఒకరోజు ఎక్కడో చూసొచ్చి నలభై ఒక్క చిన్న డబ్బాలు కొన్నాడు. డబ్బా మెడలో వేలాడుతుంది, దానికి చెవులకి తగిలించుకునే హెడ్‌ఫోన్లు. గైడు చెప్పేదంతా ముందే రికార్డు చేసి పెడితే, డ్రైవరు ఒక్కో చోటికి రాగానే మీట నొక్కుతాడు, జనం వింటారు. ఇక గైడు అక్కర్లేదు.

"నీ గొంతు బంగారమయ్యా," అన్నాడు అల్లుడుగారు బావతో. "ఆ గొంతు శాశ్వతంగా ఈ డబ్బాలో ఉండిపోతుంది."

"మరి నేనెక్కడుంటాను బాబూ?" అన్నాడు బావ.

"ఇంట్లో. హాయిగా. వచ్చే నెల నుంచి."

నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు ఆ డబ్బా తీసి నేలకేసి కొడతాడు అని చూస్తున్నాను. బావ గొంతు సవరించుకుని, "ఎప్పుడు రికార్డు చేద్దామంటారు?" అన్నాడు.

బయటికి రాగానే నా నోటికి అడ్డు లేకుండా పోయింది. "నువ్వు మనిషివేనా బావా? కూర్చున్న కొమ్మని ఎవడైనా నరుక్కుంటాడా? పైగా గొడ్డలి నేనే తెస్తానంటున్నావ్!"

"గొంతు బంగారమన్నాడుగా," అన్నాడు.

"యాభై నాలుగేళ్ళ మనిషికి ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడు? అక్క ఆసుపత్రిలో ఎన్ని రాత్రిళ్ళు నర్సు డ్యూటీ చెయ్యాలి?"

అప్పుడు మాత్రం జేబులో కవర్లు సర్దుకుంటూ, "ఉద్యోగం పోతే పోయిందిరా. ఆ మలుపు దగ్గర మొహాలుంటాయే, అవి చూడకుండా ఉండలేను," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో బంగారమేమీ లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ అంత బాధ ఉన్నవాడు మర్నాడే నున్నగా గడ్డం గీసుకుని, అల్లుడుగారి గదిలో తలుపులేసుకుని, రెండు రోజులు కూర్చుని మొత్తం రికార్డు చేసి వచ్చాడు. ఆ వారమంతా నేను అతనితో హారనుతో తప్ప మాట్లాడలేదు.

ఆదివారం మొదటి ప్రయాణం పెట్టారు. నలభై సీట్లూ నిండాయి. పెద్దమ్మగారు, ఆవిడ కూతురు, చుట్టాలు, ఆఫీసువాళ్ళు, మిగతావాళ్ళు మామూలు జనం. డెబ్బై ఏళ్ళ పెద్దమ్మగారు ముందు సీట్లో కూర్చుని, డబ్బాని మెడలో వేసుకుని, కుక్కపిల్లని చూసినట్టు అనుమానంగా చూసింది. పక్కన అల్లుడుగారు కొత్త తెల్లచొక్కాలో ఉన్నాడు. నా ముందు ఒక ఎర్ర మీట బిగించారు. డబ్బా ఎక్కడిదాకా చెప్పిందో నాకు తెలియడానికి చెవి దగ్గర ఒక చిన్న స్పీకరు కూడా పెట్టారు. బావ మెడకి ఉరి, తాడు నా బొటనవేలికి.

బావ చివరిసారిగా తన మడతపీట మీద కూర్చున్నాడు. జేబులు రెండూ ఉబ్బి ఉన్నాయి. బయలుదేరే ముందు నా భుజం మీద తట్టి, "కొండ మీద నీ మామూలు తోలుడే తోలు. పెద్దమ్మగారున్నారని పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు తోలకు," అన్నాడు.

నేను హారను కొట్టి బస్సు కదిలించాను. గవర్నరు బంగళా రాగానే మీట నొక్కాను.

"ఎడమవైపు చూడండి!" అంది బావ గొంతు నలభై ఒక్క డబ్బాల్లో. బంగళా ఉన్నది కుడివైపు. నలభై తలలూ ఎడమకి తిరిగాయి. ఎడమవైపు ఉన్నది పురపాలక మరుగుదొడ్డి. "నూట ఎనభై ఏళ్ళ కిందట కట్టిన ఈ భవనానికి దేశదేశాల నుంచి పెద్దలు వచ్చేవారు. ఎంత బరువుతో వచ్చినా మనసు తేలికపడి వెళ్ళేవారు." సరిగ్గా అప్పుడే లోపలినుంచి ఒక పెద్దమనిషి ప్యాంటు సర్దుకుంటూ బయటికి వచ్చాడు. బస్సంతా తననే చూడటం చూసి, పాపం, నమస్కారం పెట్టాడు.

వెనక సీట్లలో నవ్వులు మొదలయ్యాయి. అల్లుడుగారు డబ్బాని రెండుసార్లు తట్టాడు.

సేనాపతి విగ్రహం దగ్గర మళ్ళీ నొక్కాను. విగ్రహం ఒకవైపు, డబ్బా చూపించింది ఇంకొకవైపు. అటు ఒక పొడుగాటి గోడ, గోడవైపు తిరిగి నిలబడి ఒకాయన తన పని తాను చూసుకుంటున్నాడు. "జీవితంలో ఎన్నడూ వెన్ను చూపని వీరుడు!" అని గర్జించింది బావ గొంతు. పెద్దమ్మగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, అసహ్యానికో అద్దంలో నాకు తెలియలేదు.

లైట్‌హౌసు దగ్గరికి వచ్చేసరికి జనం ముందే సిద్ధంగా ఉన్నారు. డబ్బా కుడివైపు చూడమంది. కుడివైపు ఎండుచేపల పాకలు. "ఇక్కడి గాలి ఒంటికి మంచిది. కిటికీలు తెరిచి గుండెల నిండా పీల్చుకోండి." నమ్మకస్తులు ఎక్కడైనా ఉంటారుగా, పదిమంది తెరిచి పీల్చారు.

ఇక బస్సులో నవ్వు ఆగలేదు. అల్లుడుగారి మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. నాకు ఒకవైపు కడుపు చల్లబడింది, ఇంకొకవైపు కడుపు మండింది. ఇరవై ఒక్క ఏళ్ళు జనం చెవులు రిక్కించి విన్న గొంతుని ఇప్పుడు వేలు పెట్టి చూపించి నవ్వుతున్నారు. ఈ తెడ్డెం మనిషి పోతూ పోతూ పరువు కూడా పోగొట్టుకుంటున్నాడే అనిపించింది.

బావ లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హెడ్‌ఫోన్లు తీయమని అందరికీ సైగ చేశాడు.

"తప్పు నాదే బాబూ. గదిలో ఎదురుగా జనం లేరు కదా, నా చెయ్యి ఎటుంటే అటు అనేశాను. ఎడమంటే కుడి అనుకోండి అంటే పెద్దవాళ్ళు తికమకపడతారు. ఒక్కటే ఉపాయం. అందరూ నాలాగే వెనక్కి తిరిగి కూర్చుంటే, డబ్బా చెప్పిందల్లా అక్షరం పొల్లు పోకుండా సరిపోతుంది."

నేను స్టీరింగు మీద తల కొట్టుకున్నాను. డబ్బా దానంతటది చస్తోంది కదా, మధ్యలో దూరి దానికి ప్రాణం పోసేవాణ్ణి ఏమనాలి? అత్తగారి ముందు పరువు నిలబెట్టుకోవాల్సిన అల్లుడుగారు మాత్రం మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు, "అవును! తిరగండి, అందరూ తిరగండి!" అని అరిచి, తనే ముందుగా సీటు మీద మోకాళ్ళేసి వెనక్కి తిరిగాడు. జనానికి ఇదొక సరదా. నలభై మందీ సీటు వీపులు పట్టుకుని, మోకాళ్ళ మీద నిలబడి, వెనక అద్దం వైపు తిరిగారు. మా వెనక వస్తున్న లారీవాడు అన్ని మొహాలు ఒక్కసారిగా తననే చూడటంతో బండి పక్కకి ఆపి, దిగి, లారీ చుట్టూ ఒకసారి తిరిగి చూసుకున్నాడు.

పెద్దమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. బావ తన మడతపీట తుడిచి, "మీరు ఇక్కడ కూర్చోండమ్మా, ఇది వెనక్కే ఉంటుంది," అన్నాడు. ఆవిడ కూర్చుంది. కూర్చోవడానికి ఇంకేమీ మిగలక బావ నా పక్కకి వచ్చి, కడ్డీ పట్టుకుని, ముందుకి తిరిగి నిలబడ్డాడు.

కొండ ఎక్కడం మొదలుపెట్టాను. నాకున్న కసికి బస్సు నా మామూలు తోలుడు కంటే రెండాకులు ఎక్కువే చదివింది. డబ్బా ఇప్పుడు అన్నీ సరిగ్గా చూపిస్తోంది. ఎడమ అంటే ఎడమే, కుడి అంటే కుడే. కాకపోతే ప్రతిదీ దాటిపోయాక కనిపిస్తోంది. మూడో మలుపు దగ్గర నవ్వులు తగ్గాయి. ఐదో మలుపు దగ్గర పూర్తిగా ఆగిపోయాయి. అలవాటు లేనివాళ్ళు కొండ రోడ్డు మీద వెనక్కి తిరిగి కూర్చుంటే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. మడతపీట మీద పెద్దమ్మగారు "ఆపండి, బస్సు ఆపండి" అంటోందట. ఎవరికి వినపడుతుంది? అందరి చెవుల్లోనూ బావే ఉన్నాడు, నా చెవి దగ్గర స్పీకర్లోనూ బావే.

మలుపు వచ్చింది. మీట నొక్కి తిప్పాను.

రాతిగోడలు పోయి సముద్రం వచ్చింది. నేను అలవాటుగా పక్కకి చూశాను. బావ నోరు తెరుచుకుని ఉంది. కడ్డీ మీద చెయ్యి జారిపోయింది. మైకు పట్టుకుని లక్షసార్లు వర్ణించినవాడు, "అబ్బా!" అన్నాడు, పసివాడిలా.

"ఇదా?" అన్నాడు తరవాత. "వీళ్ళు చూసేది ఇదా?"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతకాలం నా వీపు వెనక కూర్చున్న మనిషిని నేను కూడా అప్పుడే ఎదురుగా చూసినట్టనిపించి, కోపమంతా ఎటుపోయిందో పోయింది. సరిగ్గా ఆ క్షణంలోనే డబ్బాలన్నీ ఒక్కసారిగా, "చూశారుగా! ఈ దృశ్యం మీరు జీవితంలో మరిచిపోలేరు!" అన్నాయి. వెనకనుంచి ఒక చప్పుడు వినపడింది. పెద్దమ్మగారు పొద్దుట తిన్నదంతా, ఎదురుగా మోకాళ్ళ మీద వెనక్కి తిరిగి ఉన్న అల్లుడుగారి తెల్లచొక్కా మీద, మెడ నుంచి నడుం దాకా, సమర్పించేసింది. వెన్ను చూపితే ఇంతే మరి.

బస్సు ఆపాను. ఆ తరవాత జరిగింది వివరంగా చెప్పను, మీరు భోంచేసి ఉంటారు. బావ మాత్రం ఒక్క గెంతులో లోపలికి వెళ్ళి, మొహం చూసి మనిషికొక కవరు చొప్పున పంచుకుంటూ పోయాడు. ఎవరికి నీళ్ళు, ఎవరికి గాలి, ఎవరిని ముందు దింపాలి, అన్నీ తనే చూసుకున్నాడు. పెద్దమ్మగారిని రోడ్డు పక్క రాయి మీద కూర్చోబెట్టి మొహం కడిగించాడు.

ఆవిడ ఊపిరి కుదుటపడ్డాక అడిగిన మొదటి మాట, "ఆ పీట మీద ఎన్నేళ్ళుగా కూర్చుంటున్నావయ్యా?"

"ఇరవై ఒకటమ్మా."

ఆవిడ మెడలో డబ్బా తీసి అల్లుడి చేతిలో పెట్టింది. "నేను చస్తున్నానని ఆరుసార్లు చెప్పాను. నీ డబ్బాకి చెవుల్లేవు, కళ్ళు అసలే లేవు. కవరిచ్చే మనిషిని తీసేసి దీన్ని పెడతావా? పట్టుకెళ్ళి ఎక్కడ కొన్నావో అక్కడిచ్చేసిరా."

"అది కాదత్తయ్యా, మళ్ళీ సరిగ్గా రికార్డు చేయిస్తే..."

"ముందు చొక్కా మార్చుకో," అంది ఆవిడ.

సాయంత్రం షెడ్డులో బస్సు కడుగుతున్నాం, నేనూ బావా. నేల మీద నుంచి కవర్లు ఏరుతుంటే నా చేతులు ఆగిపోయాయి. ఇరవై ఏడు. అతని జేబులో ఇంకా ఒక కట్ట ఉంది. రోజూ ఐదారు కవర్లు తెచ్చే మనిషి ఆ రోజు ఒక బస్సుకి సరిపడా తెచ్చాడు. కొండ మీద మామూలుగా తోలమన్నాడు. అందరినీ తిప్పింది తనే. పీట ఇచ్చింది తనే.

"బావా," అన్నాను. "నీ కుడి చెయ్యి ఏది?"

కుడి చెయ్యే ఎత్తాడు. ఒక్క లిప్త ఆలోచించలేదు.

"మరి ఇంట్లో సబ్బుకి బదులు చీపురు?"

"సబ్బు తెస్తే బట్టలు కూడా ఉతకమంటుందిరా మీ అక్క."

ఆ రోజు నుంచి తెడ్డెం ఎవరో నాకు బాగా తెలుసు. చేతిలో బకెట్టు నీళ్ళు అతని మీద పోశాను. తడిసిపోయి నవ్వుతూ నిలబడ్డాడు. కాసేపటికి నవ్వు ఆపి, "పెద్దమ్మగారికి సమయానికి కవరు పట్టేది నేనే అనుకున్నానురా. మూడు మలుపుల ముందే కనిపెట్టి, ఆవిడ ముందు మొనగాణ్ణవుదామనుకున్నాను. ఆ సముద్రం కొంప ముంచింది. ముందుకి తిరిగితే అలా ఉంటుందని నా లెక్కలో లేదు. మీ అక్కకి చూపించనే లేదురా," అన్నాడు.

నిజమే. అక్క ఆసుపత్రిలో నర్సు. ఆదివారాలు డ్యూటీ, మిగతా రోజులు డ్యూటీ. ఊళ్ళోవాళ్ళందరికీ ఊరు చూపించినవాడి పెళ్ళాం ఇంతవరకూ మా బస్సెక్కలేదు. సబ్బు సంగతి చెబితే, "నాకు తెలియకపోతే కదా," అంది అక్క. "ఆ చీపురుతో మొత్తం ఇల్లు తుడిపించేదాన్ని, మీ బావ నీకు చెప్పలేదా?"

మర్నాడు సోమవారం, బస్సుకి సెలవు. పొద్దున్నే డీజిలు పోయించే వంకతో బస్సు తీసి, దారిలో ఇద్దరినీ ఎక్కించుకున్నాను. అక్క రాత్రి డ్యూటీ నుంచి అలాగే వచ్చేసింది. ముందు సీట్లో కిటికీ వైపు అక్క, పక్కన బావ. అప్పుడు కొండ రోడ్డు మీద మాత్రం పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టే తోలాను.

మలుపు దగ్గర పడేసరికి బావకి అలవాటు ఆగలేదు. లేచి, ముందు అద్దానికి వీపు పెట్టి, అక్క వైపు తిరిగి, లేని మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు మీ ఎదురుగా..."

"కూర్చో," అంది అక్క చెయ్యి పట్టి లాగి. "నోరు మూసుకుని పక్కన కూర్చో. నాకు కళ్ళున్నాయి."

కూర్చున్నాడు. బస్సు తిప్పాను. ఈసారి నేను సముద్రం చూడలేదు. నా తల పైన ఉన్న అద్దంలో రెండు మొహాలు చూశాను. అక్క నిద్ర లేని మొహం, పక్కన బావ మొహం, రెండూ ఒకేసారి విచ్చుకున్నాయి. ఇన్నేళ్ళూ బావ ఏ జీతం కోసం ఆ పీట మీద కూర్చున్నాడో అప్పుడు తెలిసింది. చూపు తిప్పుకోలేకపోయాను.

"ఒరేయ్!" అని అరిచింది అక్క. "మమ్మల్నేం చూస్తావు, రోడ్డు చూడరా!"